పరిగె కాయలు

బేత్లెహేము పొలాల్లో యవల కోత జరుగుతున్న రోజుల్లో మోయాబీయురాలైన రూతు కోతవాళ్ల వెనక పరిగె ఏరుకోవడానికి వెళ్లింది. ఆ అధ్యాయం (రూతు 2) చదివినప్పుడల్లా మాకు లింగాల దగ్గరి ఎర్ర నేలలు, వేరుశనగ చేలు గుర్తుకొస్తాయి. 1970లలో పులివెందుల ప్రాంతంలో పుట్టిన కూలిబిడ్డలం మేము. నాన్న ఏడాది జీతానికి ఉండేవాడు, అమ్మ కూలికి పోయేది. రాత్రికి సంగటి ముద్ద, ఊరిబిండి ఉంటే ఆ రోజు పండగే.

వానను నమ్ముకుని వేసే పంట అది. పెరికే వేళకు తడి లేకపోతే నేల బిగుసుకుపోతుంది. చెట్టు పైకొస్తుంది గానీ కాయలు తెగి లోపలే ఉండిపోతాయి. తర్వాత ఒక్క జల్లు పడితే చాలు, పిల్లలమంతా విరిగిన కొడవళ్లు పట్టుకుని చేలో కూర్చునేవాళ్లం. రైతుకు చెడ్డ ఏడే మా గంపకు మంచి ఏడన్న సంగతి అప్పట్లో మాకు తట్టలేదు.

ఒకరోజు మా అన్నదమ్ములం ఇంకా పెరకని సాళ్లలో చెయ్యిపెట్టి ఒడి నిండా కాయలు తెచ్చాం. అమ్మ చూడగానే కనిపెట్టేసింది. పరిగె కాయ మట్టిలో నాని నల్లబడుతుంది, కొన్నిటికి మొలక కూడా వస్తుంది. ఇవి తెల్లగా మెరుస్తున్నాయి. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. అయినా కాయలన్నీ మూటకట్టి ఆ రైతు ఇంటికి మమ్మల్నే పంపింది. ఆయన మూట తీసుకుని, తిట్టి, ఇక ఆ చేలో కాలు పెట్టొద్దన్నాడు. నిజం చెప్పినందుకు ఉన్న పరిగె కూడా పోయింది! అమ్మ మీద కోపం మాకు చాలా ఏళ్లు పోలేదు.

వేదాంత కళాశాలలో లేవీయకాండం 19వ అధ్యాయం చదువుతుండగా ఆ రోజు మళ్లీ గుర్తొచ్చింది. పొలం అంచుల దాకా కోయకూడదు, రాలినవి ఏరుకోకూడదు, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. అంటే పరిగె రైతు చూపే దయ కాదు, బీదవాడికి దేవుడిచ్చిన హక్కు. బోయజు ఇంకో అడుగు ముందుకేసి, పనల్లోంచి కొన్ని కావాలనే రాల్చమన్నాడు. సాయంత్రానికి రూతుకు తూమెడు యవలయ్యాయి. రైతు చేసిందీ తప్పే, మేము చేసిందీ తప్పే. అయితే మాది దొంగతనమని చెప్పడానికి అమ్మ ఉంది, ఆయనది తప్పని చెప్పడానికి ఊళ్లో ఎవరూ లేరు.

2006 ఫిబ్రవరిలో పొరుగునే ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. పని అడగడం హక్కని చట్టం చెప్పింది. తన పేరున కార్డు వచ్చినప్పుడు అమ్మ దాన్ని కొంగుకు తుడిచి చూసుకుంటూ, "ఇది ఎవురి దయా కాదంట గదరా" అంది.

లింగాల మండలం పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు వచ్చింది. ఇప్పుడు ఆ వైపు చీనీ, అరటి తోటలున్నాయి. తోటల్లో పరిగె ఉండదు. మొన్న ఆ దారిన పోతూ ఆ మూట సంగతి అమ్మనడిగాం. "చెయ్యి పెట్టింది మీరు, తరిమింది ఆయప్ప. నేను రెంటికీ ఏడిస్తి" అంది.