పసిపిల్లల చదువు - టెలివిజన్

ఒకనాడు ఊరికి ఒక్కటైనను లేని టెలివిజన్ నేడు ఇంటింట నున్నది. పలుకులైన రాని బిడ్డలు సయితము సెల్‌ఫోను తెర యెదుట కూర్చొనుచున్నారు. ఈ తెర పిల్లలకు చదువు నేర్పగలదా? దాని పూర్వచరిత్ర తెలిసికొన్నచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము లభించును.

మన దేశమున టెలివిజన్ 1959లో ఢిల్లీలో ప్రారంభమైనది. 1961 నుండి అచ్చటి పాఠశాలలకు పాఠములు ప్రసారము చేయబడినవి. అవి తరగతిలో చెప్పెడి పాఠములవంటివే. పసిపిల్లలకు ఉద్దేశించినవి కావు.

బడియీడు రాని పిల్లల కొరకు అమెరికాలో 1969 నవంబరు 10న ‘సెసమీ స్ట్రీట్’ అను కార్యక్రమము వెలువడినది. పేదయిండ్ల పిల్లలు బడిలో చేరునాటికి వెనుకబడకుండ చేయుట దాని ఆశయము. బొమ్మలతో, పాటలతో, చిన్న చిన్న దృశ్యములతో అక్షరములు, అంకెలు నేర్పినారు. పిల్లల చూపు ఏ ఘట్టమున తెరనుండి మరలుచున్నదో పరిశీలించి, ఆ ఘట్టములను సవరించినారు. దీని భారతీయ రూపమైన ‘గలీ గలీ సిమ్ సిమ్’ 2006లో వచ్చినది.

మన పల్లెలకు పెద్దయెత్తున టెలివిజన్ చేరినది 1975 ఆగస్టు 1న. అమెరికా ఉపగ్రహము సహాయమున ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు అందినవి. వీనిని గ్రహించు యాంటెన్నాలు కోళ్లగూళ్లకు వాడు తీగవలతో చేయబడినవి. ఉదయము 5 మొదలు 12 ఏండ్ల పిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు. తెలుగులో కూడ ప్రసారములు జరిగినవి. ఊరంతటికి ఒకే తెర. పిల్లలు కలిసి కూర్చొని చూచెడివారు. ఏడాది గడువు తీరి, 1976 జూలై 31తో ఈ ప్రయోగము ముగిసినది.

1996లో అమెరికాలో వచ్చిన ‘బ్లూస్ క్లూస్’ మరొక మార్పు తెచ్చినది. అందులో వ్యాఖ్యాత ప్రశ్న వేసి, పిల్లలు జవాబు చెప్పుటకై కొంతసేపు ఆగును. ఒకే భాగమును వరుసగా అయిదు దినములు చూపెడివారు. మరల మరల చూచినకొలది పిల్లలు జవాబులను ఉత్సాహముతో చెప్పెదరని వారి ఉద్దేశము.

ఇట్లు కార్యక్రమములు ఎంతయో మెరుగుపడినవి. కాని తెర ప్రశ్న వేయగలదేగాని, బిడ్డ చెప్పు జవాబును వినలేదు. దానిని విని, తప్పును దిద్ది, మెచ్చుకొనుటకు చెంత ఒక మనిషి ఉండవలెను. ఊరుమ్మడి తెర ఉన్ననాడు చుట్టును పదిమంది ఉండెడివారు. నేడు బిడ్డ ఒంటరిగా చూచుచున్నది.

రెండేండ్లు నిండని బిడ్డలకు తెర తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంటకు మించరాదనియు 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. పంచాయతీ సభ్యులు ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియజెప్పవలెను. అంగన్‌వాడీలో టెలివిజన్ ఉన్నచో, బిడ్డల ప్రక్కన కూర్చొని మాట్లాడువారు ఉన్నారో లేదో విచారింపవలెను. టెలివిజన్ కొనుటకు ముందే ఆ మనిషిని ఏర్పాటు చేసికొనుట మేలు.