పునుగు పిల్లి: నిశాచర జీవనం – ఎలుకల నియంత్రణ

చిన్న పునుగు పిల్లి (వైవెర్రిక్యులా ఇండికా) పేరుకు మాత్రమే పిల్లి. మాంసాహార క్షీరదాలలో పిల్లులు, ముంగిసలు, హైనాలు ఉన్న శాఖలోనిదే అయినప్పటికీ, ఇది వైవెర్రిడే అనే ప్రత్యేక కుటుంబానికి చెందుతుంది. పొడవైన దేహం, పొట్టి కాళ్లు, మొనదేలిన మూతి గల దీని శరీర నిర్మాణం ఆ శాఖలోని ప్రాచీన జీవుల రూపానికి సన్నిహితమైనదని భావిస్తున్నారు.

ఇది పగలు బొరియలలో, పొదలలో విశ్రమించి రాత్రివేళ ఒంటరిగా సంచరిస్తుంది. రెటీనా వెనుకనున్న పరావర్తక పొర మసక వెలుతురును తిరిగి రెటీనాపైకి మళ్లించడం వలన చీకటిలో చూపు మెరుగవుతుంది. తన గ్రంథి స్రావమైన పునుగును రాళ్లకు, చెట్ల మొదళ్లకు పూస్తుంది. జంతువు వెళ్లిపోయిన తరువాత కూడా వాసన నిలిచి ఉండుట వలన, ఇవి ఎదురుపడకుండానే ఒకదాని ఉనికిని మరొకటి గుర్తిస్తాయి.

కీటకాలు, పండ్లతో పాటు ఎలుకలు దీని ఆహారం. పొలాలలో ఎలుకలు విజృంభించే రాత్రివేళే ఇది వేటాడుతుంది. అయితే బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే మరణించదు; మందు దాని కాలేయంలో నిలువ ఉంటుంది. అటువంటి ఎలుకలను తిన్న పునుగు పిల్లి కూడా విషప్రభావానికి లోనుకావచ్చు. ఆ విధంగా ఎలుకల సహజ శత్రువునే కోల్పోయే ప్రమాదం ఉంది. కావున విషపు ఎరను గట్లపై చల్లక, ఎలుకలున్న కలుగులలోనే ఉంచాలి. చనిపోయిన ఎలుకలను ఏరోజుకారోజు సేకరించి లోతుగా పూడ్చవలెనని రైతులకు సూచించాలి.