గుండె రాసే రాత

పామర్రులో ఒక ఇల్లు అనుకుందాం. తెల్లవారేసరికి అత్తగారికి గుండెల్లో బరువుగా ఉంది. చెమటలు పట్టాయి.

"గ్యాసేలే అమ్మాయ్, కాసిని వాము నీళ్లు ఇవ్వు" అంది అత్తగారు.

కోడలు ఒప్పుకోలేదు. "లేవండి అత్తయ్యా, ఆసుపత్రికి పోదాం" అని వెంటనే తీసుకువెళ్లింది.

నర్సమ్మ ఈసీజీ తీయడానికి వైర్లు పట్టుకొచ్చింది. అత్తగారు హడలిపోయింది. "అయ్యో, నాకు కరెంటు పెడతారా?"

నర్సమ్మ నవ్వింది. "మేము కరెంటు పెట్టం మామ్మగారూ. మీ గుండెలో ఉన్న కరెంటునే చూస్తాం" అంది.

గుండెలో కరెంటా? అవును. అదేమిటో తెలుసుకుందాం.

మన ఒంట్లో కరెంటు

గుండె ఒక కండ. గుప్పెడంత ఉంటుంది. అది కొట్టుకునే ముందు ప్రతిసారీ అందులో సన్నని కరెంటు పుడుతుంది. ఆ కరెంటు గుండె అంతా పాకుతుంది. పాకిన చోటల్లా కండ ముడుచుకుంటుంది. అప్పుడు నెత్తురు ముందుకు పోతుంది. మన నరాలు కూడా ఇలాంటి కరెంటుతోనే కబుర్లు మోస్తాయి.

ఇది షాకు కొట్టే కరెంటు కాదు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. టార్చిలైటులో వేసే బ్యాటరీ ఒకటిన్నర వోల్టు. ఒక వోల్టును 1000 భాగాలు చేస్తే, అందులో ఒక భాగం పేరు మిల్లీవోల్టు. గుండె కరెంటు చర్మం దాకా వచ్చేసరికి సుమారు 1 మిల్లీవోల్టే ఉంటుంది. అంత చిన్నది!

ఉప్పునీళ్లలో చేతులు

ఇంత చిన్న కరెంటును చక్కగా గీతగా గీయించిన డాక్టరు ఐంథోవెన్. ఆయనది హాలెండు దేశం. సుమారు 120 ఏళ్ల కిందట ఆయన ఒక పెద్ద యంత్రం తయారుచేశాడు. రోగి రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టాలి. ఉప్పునీళ్లలో కరెంటు బాగా నడుస్తుంది. అందుకే ఆ ఏర్పాటు. ఈ పనికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు తొట్లు అక్కరలేదు. చర్మం మీద కాస్త జెల్లీ రాసి వైర్లు తగిలిస్తారు. గుండె కరెంటు కాగితం మీద ఎగుడుదిగుడు గీతగా పడుతుంది. అది గుండె రాసే రాత. డాక్టరు దాన్ని చదువుతారు.

వెలుతురుతో చూసే కొత్త దారి

ఇటుకలతో ఇల్లు కట్టినట్టు, మన ఒళ్లు కణాలతో కట్టి ఉంటుంది. కణం కంటికి కనపడనంత చిన్నది. ఈసీజీ గుండె మొత్తం కరెంటును చూపిస్తుంది. ఒక్కొక్క కణం సంగతి చెప్పలేదు. కణం లోపలి కరెంటు చూడాలంటే సన్నని సూది గుచ్చాలి. గుచ్చితే కణం దెబ్బతినవచ్చు.

గుచ్చకుండా, వెలుతురుతో చూడలేమా? చూడవచ్చు. దానికి బంగారం కావాలి.

మచిలీపట్నం దగ్గర చిలకలపూడి నగలు మీకు తెలుసు. లోపల రాగి, పైన బంగారు పూత. శాస్త్రవేత్తలు కూడా ఇలాగే గాజుపలక మీద బంగారు పూత వేస్తారు. అయితే ఆ పూత మరీ పలచన. మన తలవెంట్రుక ఎంత మందమో చూడండి. ఆ మందంలో ఇలాంటి పూతలు వెయ్యికి పైగా పడతాయి!

బంగారంలో ఎలక్ట్రాన్లు అనే అతి చిన్న రేణువులు ఉంటాయి. గాజు కింద నుంచి పూత మీదికి వెలుతురు ఏటవాలుగా పంపుతారు. మామూలుగా ఆ వెలుతురు అద్దం మీద పడ్డట్టు తిరిగి వస్తుంది. కాని ఒక వాలులో పంపితే చాలావరకు తిరిగి రాదు. ఎందుకని?

ఉయ్యాల ఊపేటప్పుడు చూడండి. అదను చూసి తోస్తే ఉయ్యాల బాగా ఊగుతుంది. అలాగే ఆ ఒక్క వాలులో వెలుతురు ఎలక్ట్రాన్లను ఊపుతుంది. గాలికి వరిచేను అలలు అలలుగా ఊగినట్టు, బంగారం పైన ఎలక్ట్రాన్లు ఊగుతాయి. ఈ అలకు ప్లాస్మాన్ అని పేరు. వెలుతురు బలం ఆ ఊపుకే ఖర్చయిపోతుంది. అందుకే తిరిగి వచ్చే వెలుతురు మసకబారుతుంది.

ఇప్పుడు ఆ పూత మీద బతికున్న కణాన్ని ఉంచామనుకోండి. కణంలో కరెంటు కదిలితే పూత పైన ఎలక్ట్రాన్లు కాస్త పెరుగుతాయి, లేదా తగ్గుతాయి. ఉయ్యాల అదను మారినట్టు, వెలుతురు వాలు కూడా కొంచెం మారిపోతుంది. తిరిగి వచ్చే వెలుతురు ఎక్కువ తక్కువలు అవుతుంది. మన కంటికి అది తెలియదు. యంత్రం కనిపెడుతుంది. సూది లేదు, రంగు మందు లేదు. వెలుతురే కబురు చెబుతుంది.

2008లో శాస్త్రవేత్తలు ఎలుక నరాన్ని ఇలాంటి బంగారు పూతకు ఆనించి, నరంలో నడిచే కబురును వెలుతురుతో పట్టుకున్నారు. 2019లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు బంగారపు అతి చిన్న ముక్కలు వాడి, గుండె కణాల కరెంటును వెలుతురుతో చూశారు. ఏ మందు గుండె కణాలకు మేలు చేస్తుంది, ఏది కీడు చేస్తుంది అని పరీక్షించడానికి ఇలాంటి పద్ధతులు పనికివస్తాయి. ఇవి ఇంకా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. మన ఆసుపత్రిలో మనకు అక్కరకు వచ్చేది ఈసీజీయే.

మనం చేయాల్సింది

అత్తగారి ఈసీజీ కొద్ది నిమిషాల్లో అయిపోయింది. నొప్పి లేదు. షాకు లేదు. డాక్టరు గీత చూసి వెంటనే వైద్యం మొదలుపెట్టారు. వాము నీళ్లు తాగి ఇంట్లో పడుకుని ఉంటే ఏమయ్యేది?

ఆడవాళ్లకు గుండె జబ్బు వస్తే ఒక్కోసారి గుండెలో నొప్పే ఉండదు. ఆయాసం, వికారం, దవడ నొప్పి, వీపు నొప్పి, ఎన్నడూ లేనంత నీరసం ఉండవచ్చు. "వంట అయ్యాక చూద్దాం" అనుకోవద్దు. 108కి ఫోను చేయండి. ఒక ఈసీజీ బాగుందన్నా, బాధ తగ్గకపోతే మళ్లీ చెప్పండి.

ఈసీజీ కాగితం పారేయవద్దు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే డాక్టరుకు మార్పు తెలుస్తుంది. చాలా ఈసీజీ కాగితాల మీద గీత కొన్నాళ్లకు వెలిసిపోతుంది. అందుకని జిరాక్సు తీయించి దాచండి.

గుండె రాసిన రాత డాక్టరు చదువుతారు. దాని మీద పేరు, వయసు, తేదీ మాత్రం మనమే చదవాలి. మన పేరే ఉందా? తేదీ సరిగా వేశారా? అక్కడే చూసుకోండి. ఇప్పుడు మనకు చదువు వచ్చు కదా!