కోయల కొమ్ము నృత్యము

పెద్దలారా! పండుగనాఁడు డోలు మ్రోఁగఁగానే మనుమఁడు "తాతా, ఇదేమి యాట?" అని యడుగును. ఏమని చెప్పుదురు?

పోలవరమునకు ఎగువ గోదావరి కొండలలో కోయల పండుగలందును పెండ్లిండ్లయందును కొమ్ము నృత్యము జరుగును. పురుషులు అడవిదున్న కొమ్ములును నెమలి యీఁకలును తలఁ దాల్చి, పొడవైన డోళ్లు వాయించుచు, దున్నలవలెఁ దలపడుదురు. స్త్రీలు చేతులు కలిపి వరుసగా అడుగులు వేయుదురు. ఇది వట్టి వినోదము గాదు. ఊరంతయు నొక్క యడుగున నడచుట. 1972 నాఁటి చట్టముచే అడవిదున్న వేట నిషిద్ధము గావున పూర్వుల కొమ్ములనే పదిలపఱచుకొనవలెను.

పోలవరము ఆనకట్టవలన పెక్కు కోయపల్లెలు చోటు మారవలసివచ్చినది. ఊరు కదలినచో ఆట నిలుచునా? నిలుచును. ఐరోపాలోని పోలండును పొరుగు రాజ్యములు 1795 నాఁటికి పూర్తిగాఁ బంచుకొన్నవి. 1918 వఱకు దానికి స్వాతంత్ర్యము లేదు. అయినను, జంటలు బారులు తీరి హుందాగా నడచు పొలొనేజ్ అను వారి నృత్యము నశింపలేదు. నేఁటికిని అచ్చటి విద్యార్థులు తుది పరీక్షలకు సుమారు నూఱు దినములు ముందు జరుగు వేడుకను దానితోనే యారంభింతురు. 2023లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వముగా గుర్తించినది.

కావున క్రొత్త యూరిలో డోలును గోడకు వ్రేలాడఁదీయకుఁడు. మనుమని మెడలో వేసి, మొదటి దెబ్బ మీరే నేర్పుఁడు.