అంబలి, కల్లు, టీ: రైతు త్రాగు పానీయముల కథ



ఉదయమున పొలమునకు బయలుదేరుటకు ముందు మీరు ఏమి త్రాగుచున్నారు? నలుబది, ఏబది ఏండ్ల క్రిందట శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలో ఈ ప్రశ్నకు సాధారణముగా ఒకే జవాబు వచ్చెడిది: చోడి అంబలి, అది లేనినాడు తరవాణి. నేడు చాల ఇండ్లలో ఆ చోటును టీ ఆక్రమించినది. ఇది నాలుక రుచికి సంబంధించిన చిన్న మార్పుగా తోచవచ్చును. కాని కుండలోని పానీయము మారినపుడు పొలములోని పైరు మారును. డబ్బు పోవు దారి మారును. ఒక్కొక్కపుడు మనుష్యులే ఊరు విడిచి పోవలసి వచ్చును. ఇందుకు దూరదేశముల ఉదాహరణలు అక్కరలేదు, మన ప్రాంతపు చరిత్రయే సాక్ష్యము చెప్పును.

ఏ పానీయమును గురించి అయినను రైతు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని పండించినది ఎవరు? అమ్మి లాభము పొందుచున్నది ఎవరు? దీని వలన కలుగు నష్టమును భరించుచున్నది ఎవరు? ఈ మూడు ప్రశ్నలను మనస్సులో నుంచుకొని క్రింది సంగతులను చదువుడు.

చోడి అంబలి

చోళ్లు మన సొంత పంటయని మనము భావింతుము. కాని ఈ పైరు మొదట తూర్పు ఆఫ్రికాలోని మిట్ట ప్రాంతములలో సాగులోనికి వచ్చి, వేల ఏండ్ల క్రిందట మన దేశమునకు చేరినది. చేరిన తరువాత మన ఎర్రనేలలకు, వాననీటి సేద్యమునకు చక్కగా కుదిరినది. చోళ్లకు పురుగు తొందరగా పట్టదు. బాగుగా ఎండబెట్టి దాచినచో ఏండ్ల తరబడి నిలువ యుండును. అందుచేత వరి ఎండిపోయిన ఏట చోళ్ల గాదె గల ఇంటికి ధైర్యము ఉండెడిది.

అంబలిని పులియబెట్టుటలో కూడ మన పెద్దల తెలివి యున్నది. పిండిని నీటిలో కలిపి రాత్రి యంతయు ఉంచినచో, పాలను పెరుగు చేయు జాతికి చెందిన సూక్ష్మజీవులే అందులోను పెరిగి పులుపు పుట్టించును. గింజలోని ఇనుము, సున్నము వంటి ధాతువులను శరీరమునకు అందకుండ పట్టియుంచు పదార్థము ఈ పులుపు వలన కొంత విరుగును. పులుపులో చెడు క్రిములు అంత సులభముగా పెరుగవు. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా, మరపట్టిన బియ్యములో అది 10 మిల్లీగ్రాములు మాత్రమే. శాస్త్రజ్ఞులు లెక్క కట్టుటకు ఎంతో ముందే పిల్లల తల్లులు, నాగలి పట్టిన వారు ఈ గుణమును అనుభవముతో తెలిసికొనిరి.

మరి అంబలి ఎందుకు తగ్గినది? 1983లో రాష్ట్ర ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చుట ప్రారంభించినది. పేదల ఆకలి తీర్చిన ఆ పథకమును తప్పు పట్టరాదు. అయితే చవుకగా బియ్యము ఇంటికి రాగా చోళ్లు దంచి, విసరి, పులియబెట్టు శ్రమ అనవసరమని తోచెను. తినువారు తగ్గగా సంతలో ధర తగ్గెను. ధర తగ్గగా మెట్ట భూములలో మొక్కజొన్న, నీలగిరి, మామిడి తోటలు వెలసెను. కుండలోని మార్పు పొలమునకు ఎట్లు ప్రాకునో ఇందు స్పష్టముగా కనిపించును.

కల్లు కొరకు జరిగిన తిరుగుబాటు

ఇప్పుడు కొంచెము దక్షిణముగా గోదావరి మన్యమునకు పోవుదము. 1879 మార్చిలో రంప ప్రాంతపు కొండజనులు ప్రభుత్వముపై తిరుగబడిరి. దీనిని రంప ఫితూరి అందురు. పోలీసుల దౌర్జన్యము, వర్తకుల అప్పులు, మన్సబుదారు వేసిన పన్నులు మొదలగు కారణములు పెక్కు కలవు. కాని నిప్పు రాజేసినది కల్లు.

కొండవారికి కల్లు విలాసము కాదు. గింజ కరవైన వేసవి దినములలో తాటికల్లు, జీలుగుకల్లు వారికి పూట గడిపెడి ఆహారము. మన్సబుదారు దానిపై చిగురుపన్ను వసూలు చేయుచుండెను. అది చాలదన్నట్లు ప్రభుత్వము క్రొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, సొంత వాడకమునకు సైతము స్వేచ్ఛగా కల్లు గీయరాదని నిషేధించి, కల్లు హక్కును మైదానపు గుత్తేదార్ల చేతిలో పెట్టెను. తాత నాటి చెట్టు క్రింద నిలబడి, తన కల్లును తానే కొనుక్కొనవలసిన గతి వారికి పట్టెను. తిరుగుబాటు విశాఖ మన్యములోని గొలుగొండకు, భద్రాచలము వైపునకు కూడ వ్యాపించెను. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు నాయకత్వము వహించిరి. దానిని అణచుటకు ప్రభుత్వము పోలీసులతో బాటు సైన్యమును కూడ దింపవలసి వచ్చెను.

అదే రంప ప్రాంతములో, రంపచోడవరము దగ్గర పందిరిమామిడిలో, నేడు ఉద్యాన విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానము తాటిచెట్టుపై పనిచేయుచున్నది. తాటిరసము చెట్టు నుండి దిగిన కొలది గంటలలోనే పులిసి కల్లగును. ముంతకు లోపల సున్నము పూసి, తెల్లవారక ముందే దించినచో అది పులియక తీపి నీరాగా నిలుచును. దానిని కాచినచో తాటిబెల్లమగును. మన తీరమంతట తాటిచెట్లు కలవు. వానిని ఇటుక బట్టీల వంటచెరకునకు నరుకుటకు ముందు ఈ సంగతి ఆలోచింపవలెను.

సారా అంగడి మూయించిన స్త్రీలు

నూరేండ్లు గడచిన పిమ్మట మరియొక పోరాటము జరిగెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరదీపము క్రింద చదువుకొనుచున్న పల్లె స్త్రీలు తమ ఊరి సారా అంగడిని మూయించిరి. రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతట తెలిసినది. ఉద్యమము జిల్లా నుండి జిల్లాకు ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను.

రంపలో జనులు కల్లు కావలెనని పోరాడిరి, దూబగుంటలో స్త్రీలు సారా వద్దని పోరాడిరి. ఈ రెండును విరుద్ధములుగా తోచును. కాని మన మూడు ప్రశ్నలు వేసి చూడుడు. రెండు చోట్లను లాభము గుత్తేదారునకు, ఖజానాకు చేరెను. నష్టము ఇంటికి మిగిలెను. పోరాటము పానీయముపై కాదు, ఆ లెక్కపై.

తేయాకు తోటలకు తరలిన మనవారు

టీ వలన రాజ్యములే కదలినవి. 1773లో అమెరికాలోని బోస్టను రేవులో జనులు టీ పన్నుకు కోపించి ఓడలలోని టీ పెట్టెలను సముద్రములో పడవైచిరి. మూడేండ్లలో ఆ దేశము స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. కాని మన ఊళ్లకు టీతో గల సంబంధము దీనికంటె దగ్గరిది.

ఇంగ్లీషువారు టీ కొరకు చైనాపై ఆధారపడుట ఇష్టములేక, అస్సాములో తేయాకు తోటలు వేయసాగిరి. 1839లో అస్సాం కంపెనీ ఏర్పడెను. అడవులు నరుకుటకు, ఆకు కోయుటకు కూలీలు కావలసి వచ్చిరి. దళారులు ఛోటానాగపూరు, ఒడిశా ప్రాంతములతో బాటు నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాలలోను కూలీలను కూడగట్టిరి. నేటి శ్రీకాకుళము, విజయనగరము పల్లెలు ఆనాడు ఆ రెండు జిల్లాలలోనివే. వానలు తప్పి, అప్పులు మెడకు చుట్టుకొన్న కుటుంబములు ఒప్పందములపై వ్రేలిముద్ర వేసి రైలు, పడవ ఎక్కిపోయిరి. ఒప్పందము తీరక మునుపు తోట విడిచిన కూలీకి శిక్ష విధించు చట్టములు ఉండెడివి. పోయినవారిలో చాలమంది తిరిగి రాలేదు. వారి సంతతి నేటికిని అస్సాము తోటలలో కలరు.

మరియొక విశేషము గమనింపుడు. మనవారు ఆకు కోసిన కాలములో మన పల్లెలకు టీ అలవాటే లేదు. ఆ ఆకు చాలవరకు సముద్రము దాటి పోయెడిది. తోటల యజమానులు మన దేశములోనే గిరాకీ పెంచదలచి 1903లో టీపై సెస్సు చట్టము చేయించుకొని, ఆ డబ్బుతో ప్రచారము సాగించిరి. పట్టణములలో, రైలు స్టేషన్లలో టీ కాచి చూపి రుచి మరిపించిరి. తరువాత అస్సాములోనే కనిపెట్టిన యంత్రముతో చవుకగా, చిక్కగా దిగు పొడి టీ తయారగుటచే అది సామాన్యుని ఇంటికి చేరెను. మన అలవాట్లలో కొన్ని మనకు తెలియకుండ ఇతరులు వేసిన విత్తనములని దీనివలన తెలియుచున్నది.

టీ త్రాగరాదని మా ఉద్దేశము కాదు. బడలిక తీర్చును, నలుగురిని ఒకచోట కూర్చుండబెట్టును. కాని అది ఆహారము కాదు. భోజనముతో కలిపి త్రాగినచో అన్నములోని ఇనుమును శరీరమునకు అందనీయదు. లెక్క కూడ చూడుడు: బడ్డీలో కప్పు పది రూపాయల చొప్పున రోజుకు మూడు కప్పులు త్రాగువానికి ఏడాదికి 10,950 రూపాయలు అగును.

కొండలపై కాఫీ

టీ మనవారిని ఊరు విడిపించినది. కాఫీ మాత్రము కొండవారిని కొండపైననే నిలిపినది. పాడేరు, అరకు కొండలలో గిరిజన రైతులు సిల్వరు ఓకు నీడన కాఫీ వేసి, ఆ చెట్లకే మిరియపు తీగ ప్రాకించుచున్నారు. ఒకచోట పోడు కొట్టి మరియొక చోటికి తరలు అవసరము దీనివలన తగ్గినది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. ఈ తోట కూలివానిది గాక రైతుదే అగుట చేత ఫలితము వేరుగా వచ్చినది.

అన్నిటికంటె ముందు నీరు

ఏ పానీయమైనను నీటితోనే కదా! ఉద్దానము సంగతి మీకు చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురము మండలములలో మూత్రపిండముల వ్యాధి ఎన్నో ఇండ్లను కూల్చినది. దీనికి ఒకే కారణమని శాస్త్రజ్ఞులు ఇంతవరకు తేల్చలేదు. నీరు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రలు మొదలగు వానిపై పరిశోధనలు జరిగినవి. 2023 డిసెంబరులో హిరమండలము జలాశయము నుండి గొట్టముల ద్వారా త్రాగునీరు ఇచ్చు పథకము, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము ప్రారంభింపబడెను. మీ ఊరికి శుద్ధి చేసిన నీరు అందుచున్నచో త్రాగుటకు, వంటకు దానినే వాడవలెను.

రైతులు పాటింపవలసిన విషయములు

1. ఎండలో పనిచేయునపుడు దప్పిక అగువరకు ఆగవద్దు. ఇరువది నిమిషములకు ఒక గ్లాసు చొప్పున నీరు త్రాగుడు. నడుమ పలుచని మజ్జిగ గాని, అంబలి గాని త్రాగవచ్చును. ఒళ్లు నొప్పులకు వైద్యుని అడుగక మాత్రలు మ్రింగవద్దు.

2. ఇంట అంబలి కుండను మరల పెట్టుడు. రాత్రి చోడి పిండిని నీటితో, ముందునాటి గంజి కొంచెము చేర్చి కలిపి ఉంచుడు. ఉదయము ఎసటిలో గుప్పెడు బియ్యపు నూకలు ఉడికించి, పులిసిన పిండిని పోసి, ఉండ కట్టకుండ కలుపుచు సన్నని సెగపై ఉడికించుడు. చల్లారిన పిదప మజ్జిగ, తగినంత ఉప్పు చేర్చి, ఉల్లిపాయ నంజుకొని త్రాగవచ్చును.

3. అంబలి మందు కాదు. మధుమేహము గలవారు దానిని కూడ ధాన్యముగానే లెక్కించి మితముగా పుచ్చుకొనవలెను. రక్తపు పోటు, మూత్రపిండముల వ్యాధి గలవారు ఉప్పు, నీరు, ఆహారముల విషయములో వైద్యుని మాటనే పాటింపవలెను.

4. మెట్టలో కొంత భాగమున ఇంటి వాడకమునకైనను చోళ్లు వేయుడు. విజయనగరము వ్యవసాయ పరిశోధన స్థానము చంపావతి, వేగావతి, సువర్ణముఖి, ఇంద్రావతి వంటి రకములను విడుదల చేసినది. ఎకరమునకు సరిపడు నారుకు రెండు, రెండున్నర కిలోల విత్తనము చాలును. చంపావతి వంటి స్వల్పకాలిక రకమునకు 21 రోజుల నారును, దీర్ఘకాలిక రకములకు 30 రోజుల నారును నాటవలెను. అగ్గి తెగులును తట్టుకొను రకములను ఎన్నుకొనుట మేలు. వివరములకు ఆ పరిశోధన స్థానమును గాని, మీ రైతు సేవా కేంద్రమును గాని సంప్రతింపవచ్చును.

5. టీని భోజనమునకు ముందు గాని తరువాత గాని గంట యెడము ఇచ్చి త్రాగుడు. పిల్లలకు ఉదయమున టీ బదులు అంబలి గాని, పాలు గాని ఇండు.

పూర్వము గుత్తేదారు, దళారి, పరదేశపు కంపెనీ మన కుండలో ఏమి యుండవలెనో నిర్ణయించిరి. ఇప్పుడు ఆ నిర్ణయము మీ చేతిలో నున్నది. రేపు ప్రొద్దుట గ్లాసు చేతికి తీసికొనునపుడు పైన చెప్పిన మూడు ప్రశ్నలు ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మూడింటికిని 'నేనే' అను జవాబు వచ్చు పానీయము, అనగా మీ పొలములో పండి, మీ ఇంట పులిసి, మీ ఒంటికి పట్టునది, ఒక్కటైనను మీ ఇంట ఉండవలెను.