గంతుకు ముందు విల్లు, గంతు తర్వాత గడ్డివాము

కోతలయ్యాక మా ఊళ్ళో కళ్ళం పక్కన గడ్డివాములు లేచేవి. పిల్లలమంతా వాటి మీదికెక్కి, కింద పరిచిన వదులు గడ్డిలోకి దూకేవాళ్ళం. నిలువెత్తు నుంచి పడ్డా ఒంటికి ఏమీ తెలిసేది కాదు. ఒకసారి గడ్డి అంచు తప్పి, పేడతో అలికి గట్టిపడిన కళ్ళం మీద కాళ్ళు బిగబట్టుకుని పడ్డాను. మడమల్లో పుట్టిన అదురు వెన్నులోంచి పళ్ళ దాకా పాకింది. ఎత్తు అదే, ఒళ్ళు అదే, వేగమూ అదే. తేడా అంతా ఆగడానికి దొరికిన జాగాలో ఉంది.

దీని లెక్క చాలా చిన్నది. పడిన ఎత్తును, ఆగేలోపు ఒళ్ళు జరిగిన దూరంతో భాగించాలి. ఒకటిన్నర మీటర్ల నుంచి దూకి గడ్డిలో అర మీటరు దిగబడితే 3 వస్తుంది. గట్టి నేల మీద 3 సెంటీమీటర్లలో ఆగిపోతే 50 వస్తుంది. సొంత బరువుకు మరో ఒకటి కలపండి. నేల మనల్ని సగటున మన బరువుకు ఎన్ని రెట్ల బలంతో తన్నిందో తెలిసిపోతుంది. పైకి ఎగరడానికీ ఇదే లెక్క. అందుకోవాల్సిన ఎత్తును, కాళ్ళు నేలను నెట్టగలిగే దూరంతో భాగించడమే.

ఈ లెక్కను ఒక చిన్న పురుగు ఎంతదూరం తీసుకుపోయిందో చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పచ్చిక మొక్కల కాడల మీద ఎవరో ఉమ్మినట్టుగా నురుగు ముద్ద కనిపిస్తుంది. అందులో దాగి రసం పీల్చుకుంటూ పెరిగే పిల్ల పురుగు, పెద్దదయ్యాక నురుగు వదిలి గంతులు నేర్చుకుంటుంది. ఇంగ్లీషులో దాన్ని ఫ్రాగ్‌హాపర్ అంటారు. మనం నురుగు పురుగు అందాం. ఐరోపా పచ్చిక బయళ్ళలో విరివిగా దొరికే ఫైలీనస్ స్పుమేరియస్ పొడవు 6 మిల్లీమీటర్లు, బరువు 12 మిల్లీగ్రాములు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మాల్కమ్ బరోస్ దాని గంతును అతివేగంగా తీసే కెమెరాతో చిత్రించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. అది 70 సెంటీమీటర్ల ఎత్తు ఎగురుతుంది. అంత ఎత్తుకు దాని కాళ్ళు నేలను నెట్టే దూరం సుమారు 2 మిల్లీమీటర్లు, వ్యవధి సెకనులో వెయ్యో వంతు. ఆ క్షణంలో దాని ఒంటి మీద పడే ఒత్తిడి సొంత బరువుకు 400 రెట్లు. ప్రత్యేక దుస్తులు తొడుక్కుని, ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన యుద్ధవిమాన పైలట్లు ఓర్చుకునేది 9 రెట్ల దాకా.

ఏ కండరమూ అంత త్వరగా ముడుచుకోలేదు. మరి ఆ వేగం ఎక్కడిది? ఉండేలు పట్టిన పిల్లవాణ్ణి గుర్తు చేసుకోండి. చేత్తో విసిరితే పక్క పెరట్లో పడే రాయి, రబ్బరు సాగదీసి వదిలితే చింతచెట్టు కొసను తాకుతుంది. చెయ్యి మెల్లగా పోగుచేసిన శక్తిని రబ్బరు ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. నురుగు పురుగూ వెనక కాళ్ళను ముడిచి, గొళ్ళెం వేసినట్టు బిగించి, బలమైన కండరాలతో నిదానంగా ఒంటిలోని ఒక విల్లును వంచుతుంది. ఉపమానం కోసం అన్న మాట కాదిది. దాని పక్కభాగంలోని ఆ కమాను ఆకారం నిజంగానే విల్లులా ఉంటుంది. గట్టి పెంకు, రెజిలిన్ అనే రబ్బరులాంటి ప్రోటీన్ కలిసిన జంట నిర్మాణం అది. పెంకు శక్తిని దాచుకుంటుంది, రెజిలిన్ దాన్ని విరగకుండా మళ్ళీ మొదటి రూపానికి తెస్తుంది. 1960లో టోర్కెల్ వైస్-ఫో మిడత రెక్క మొదట్లో గుర్తించిన పదార్థమే ఇది. అతినీలలోహిత కాంతి పడితే నీలంగా మెరుస్తుంది. ఎక్కుపెట్టిన ఆ నీలి విల్లు గొళ్ళెం జారగానే విడుస్తుంది, పురుగు కంటికి కనబడకుండా పోతుంది.

మిడతకు ఇంత తొందర లేదు. పొడవాటి కాళ్ళున్నందువల్ల నేలను నెట్టడానికి దానికి 20 నుంచి 30 మిల్లీసెకన్లు దొరుకుతాయి. కాళ్ళు పొట్టివయ్యేకొద్దీ విల్లు గట్టిపడాలి, గురి కుదరాలి. రెండు కాళ్ళలో ఒకటి రవ్వంత ముందు విడిచినా పురుగు గిర్రున తిరిగిపోతుంది. ఇస్సస్ అనే మరో గెంతుడు పురుగు పిల్లకు అందుకే తొడల మొదట్లో పళ్ళచక్రాలున్నాయి. ఒకదానిలో ఒకటి ఇరుక్కుని తిరిగే నిజమైన పళ్ళు, ఒక్కో వైపు పదీ పన్నెండు! బరోస్, గ్రెగరీ సట్టన్ 2013లో ఈ సంగతి ప్రకటించారు. వాటివల్ల రెండు కాళ్ళూ సెకనులో లక్షో వంతు లెక్కల్లో ఒకేసారి కదులుతాయి. చివరిసారి కుబుసం విడిచాక ఆ చక్రాలు ఉండవు.

ఎగరడంలో ఇన్ని పాట్లు పడే చిన్న ప్రాణికి దిగడం మాత్రం లెక్కలోది కాదు. ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ బరువు తగ్గినంత వేగంగా ఉపరితలం తగ్గదు కాబట్టి, పడేటప్పుడు గాలే దాన్ని పట్టుకుంటుంది. చీమ ఎంత ఎత్తు నుంచి జారినా, చకచకా నడిచే మనిషి వేగానికి అటూ ఇటుగా నేలకు చేరుతుంది. గెలీలియో 1638లో అచ్చయిన గ్రంథంలోనే ఈ తేడా రాశాడు: గుర్రానికి ఎముకలు విరిచే ఎత్తు కుక్కను ఏమీ చేయదని, మిడత గోపురం మీంచి పడినా బతుకుతుందని.

పిల్లిది నడిమి స్థానం. గాలిలో పట్టుకోడానికి ఏమీ లేకున్నా నడుము విరిచి, ముందు సగాన్ని ఒకవైపు, వెనక సగాన్ని మరోవైపు తిప్పి కాళ్ళ మీదికి వస్తుంది. ఎటియెన్-జూల్ మారే 1894లో దీన్ని వరుస ఫొటోలుగా తీసి చూపించాడు. దిగాక వంగే కాళ్ళే దాని గడ్డివాము. న్యూయార్కులో మేడల మీంచి పడి ఆసుపత్రికి చేరిన 132 పిల్లుల్లో 90 శాతం బతికాయని 1987లో పశువైద్యులు రాశారు. అయితే పడిన చోటే చనిపోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి తేరు. ఆ అంకెను నమ్మి బాల్కనీకి జాలీ కట్టకుండా ఉండకండి.

నన్ను ఎక్కువగా కదిలించేది గ్రీన్‌లాండ్ కొండచరియల బాతు పిల్లలు. బార్నకిల్ బాతు నక్కల భయంతో నిటారు చరియ మీద గూడు పెడుతుంది. మేత మాత్రం కింద గడ్డిలో ఉంటుంది, తల్లిదండ్రులు నోటికి తెచ్చివ్వవు. పుట్టి ఒకటి రెండు రోజులు కాకముందే, ఎగరడం రాని పిల్ల తల్లి పిలుపు విని వంద మీటర్లకు పైబడిన ఎత్తు నుంచి దూకేస్తుంది. చేతిలో పట్టేంత ఒళ్ళు, మెత్తటి నూగు, చాచిన పాదాలు, చాపిన రెక్కమొలకలు; వాటికున్న రక్షణ అంతే. రాళ్ళకు తగిలి, దొర్లి, లేచి తల్లి వెనక నడిచేవి కొన్ని. లేవనివీ ఉంటాయి.

దిగడమంటే నేల తాకాక మొదలయ్యే పని కాదు. కేన్ టోడ్ అనే పెద్ద కప్ప గాలిలో ఉండగానే ముందు కాళ్ళు చాచి, ఎంత దూరం గెంతిందో దాన్నిబట్టి కండరాలను ముందే బిగిస్తుంది. మనమూ అంతే. చీకట్లో మెట్లు దిగుతూ, అయిపోయాయనుకున్న చోట ఇంకో మెట్టు ఉంటే, ఆ పావు గజం ఎత్తుకే ఒళ్ళంతా అదురుతుంది. కాళ్ళు ఇంకా సిద్ధం కాలేదు మరి.

నురుగు పురుగుల జాతులు మన దేశంలోనూ ఉన్నాయి. ఈ వానాకాలం ఏ కాడ మీదైనా ఉమ్మిలాంటి నురుగు కనిపిస్తే అసహ్యించుకుని తుడిచేయకండి. పిల్లల్ని పిలిచి చూపించండి. లోపల విల్లు తయారవుతూ ఉంటుంది.