ఫ్రిజ్ పాడైంది, లోపల ఇన్సులిన్ ఉంది!

మీ ఇంట్లో షుగరు వ్యాధికి ఇన్సులిన్ వేసుకునేవారు ఉన్నారా? ఉంటే ఈ వేసవిలో మీకు డాక్టరుగారితోపాటు ఇంకొకరి అవసరం కూడా పడవచ్చు. ఆయన ఫ్రిజ్ మెకానిక్.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాల్లో మామిడి కోతలు, మండుటెండలు ఒకేసారి వస్తాయి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్రిజ్‌లు, ఏసీలు ఎక్కువగా మొరాయించేది కూడా అప్పుడే. పల్లెల్లో ఈ పని చేసేవారిలో చాలామంది ఏ కంపెనీ ఉద్యోగులూ కారు. పనిముట్ల సంచి, గ్యాస్ డబ్బా బండి మీద పెట్టుకొని సొంతంగా ఊరూరా తిరుగుతారు. కొందరు ఐ.టి.ఐ.లో రెండేళ్ల కోర్సు చదివినవారు, కొందరు షాపులో సీనియర్ల దగ్గర పని నేర్చుకున్నవారు. సీజన్‌లో ఫోన్ చేస్తే "రేపు వస్తానండీ" అంటారు. ఆ రేపు ఒక్కోసారి మూడు రోజులవుతుంది. అది ఆయన తప్పు కాదు.

మరి ఈ మూడు రోజులూ మందు సంగతేమిటి? ముందుగా, కంగారుపడి ఇన్సులిన్‌ను ఐసు ముక్కల్లో పెట్టకండి. వేడి ఇన్సులిన్‌ను నెమ్మదిగా పాడుచేస్తుంది. గడ్డకట్టడం ఒక్కసారిగా పాడుచేస్తుంది. కరిగాక చూడడానికి మామూలుగానే కనిపించవచ్చు, కానీ అది పనికిరాదు. వాడని సీసాలను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసాను 30 డిగ్రీలు దాటని చోట ఉంచితే సాధారణంగా 28 రోజులు వాడవచ్చు (మీ మందు పెట్టెలోని కాగితం ఒకసారి చూడండి, కొన్ని రకాలకు గడువు వేరు). ఫ్రిజ్ ఆగిపోతే వాడని సీసాకు కూడా ఆ రోజు నుండే ఈ లెక్క మొదలవుతుంది. అందుకని సీసా మీద తేదీ రాయండి.

కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరంలో ఉండే వేడినే ప్రయోగశాలలో కల్పించి జెనీవా విశ్వవిద్యాలయం వారు, ఎం.ఎస్.ఎఫ్. వైద్యసంస్థవారు కలిసి చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 25 నుండి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో నాలుగు వారాలున్నా ఇన్సులిన్ శక్తి దాదాపు తగ్గలేదని తేలింది. ఇది ధైర్యం చెప్పే మాటే. కాని మన రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం 37 దగ్గర ఆగదు. కాబట్టి సీసాలను తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో కట్టి చిన్న మట్టిపిడతలో ఉంచండి. ఆ పిడతను తడి ఇసుక పోసిన పెద్ద కుండలో దించి, పైన తడిగుడ్డ కప్పి, గాలి ఆడే నీడలో పెట్టండి. రోజుకు రెండుసార్లు ఇసుక తడిపితే చాలు.

ఆ కుండలో జరిగేదే ఫ్రిజ్‌లోనూ జరుగుతుంది. నీరు ఆవిరవుతూ కుండలోని వేడిని తీసుకుపోతుంది. ఫ్రిజ్ గొట్టాల్లో నీటికి బదులు గ్యాస్ ఉంటుంది. అది లోపల ఆవిరై వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వెనుక గొట్టాలకు పంపితే అక్కడ ఆ వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది. ఫ్రిజ్ వెనుక వేడిగా ఉండేది అందుకే. గోడకు ఆనించి పెడితే ఆ వేడి పోయే దారి ఉండదు. జాన్ గోరీ అనే డాక్టరు అమెరికాలోని ఫ్లోరిడాలో జ్వరపు రోగుల గదులను చల్లబరచాలని తాపత్రయపడి ఐసు తయారుచేసే యంత్రాన్ని కనిపెట్టారు. దానికి 1851లో పేటెంటు వచ్చింది. అంటే ఆ యంత్రం వెనుక ఉన్న ఆలోచన రోగుల కోసమే.

ఇప్పుడు మెకానిక్‌గారు వచ్చారనుకుందాం. "గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి" అన్నారు. గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. గొట్టంలో తిరిగిందే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. "ముందు లీకు చూడండి బాబూ" అని మర్యాదగా అడగండి. మంచి పనివాడు నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, సబ్బు నురుగు రాసి బుడగలు వచ్చే చోటు పట్టుకుంటాడు. అక్కడ వెల్డింగ్ చేసి, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేస్తాడు. తరువాత ఫ్రిజ్ వెనుక చీటీ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి నింపుతాడు. ఇందుకు సమయం పడుతుంది, కూలీ కొంచెం ఎక్కువవుతుంది. పావుగంటలో గ్యాస్ కొట్టి వెళ్లిపోతే, కారే చోటు అలాగే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ ఫోన్ చేయాల్సిందే.

చాలా ఇళ్లలో ఆ లీకు మనం చేసిందే! ఫ్రీజరులో పేరుకున్న ఐసును కత్తితో గీకుతాం. ఆ పలుచని రేకు వెనుకే గ్యాస్ గొట్టం ఉంటుంది. ఇకనైనా ఫ్రిజ్ ఆపి, తలుపు తెరిచి, ఐసును దానంతట కరగనివ్వండి.

ఇంట్లో రోగి ఉంటే అతి ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. ఈ మధ్య వచ్చిన ఎన్నో ఫ్రిజ్‌లలో ఆర్-600ఎ అనే గ్యాస్ ఉంటుంది. అది వంటగ్యాస్‌లాగా మండే రకం. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 కూడా కొంతమేరకు మండుతుంది. వెల్డింగ్ అంటే నిప్పు. రోగి ఆక్సిజన్ మీద ఉంటే ఆ గదిలో వెల్డింగ్ చేయనివ్వకూడదు. రోగిని, ఆక్సిజన్‌ను వేరే చోటికి మార్చి, కిటికీలన్నీ కాసేపు తెరిచి ఉంచాకే పని మొదలుపెట్టించాలి. "నైట్రోజన్ లేదు, మీ ఆక్సిజన్ సిలిండరుతో ప్రెషర్ పెడతాను" అని ఎవరైనా అంటే ససేమిరా ఒప్పుకోకండి. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. నూనె, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కలిస్తే పేలుడు జరుగుతుంది.

ఫ్రిజ్‌ను ముట్టుకుంటే జివ్వుమంటోందా? వెంటనే ప్లగ్గు తీయించి ఎర్త్ చూపించండి. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే అలవాటు మానండి. తోటల్లో మోటార్లు వేసే వేళల్లో ఓల్టేజీ పడిపోయే ఊళ్లలో స్టెబిలైజర్ ఉండాలి. కరెంటు పోయి వచ్చాక మూడు నాలుగు నిమిషాలు ఆగి ఫ్రిజ్ వేయండి.

మెకానిక్‌గారు మిట్టమధ్యాహ్నం మీ డాబా మీద ఏసీ బయటి యూనిట్ దగ్గర కూర్చొని ఉంటే ఆయన సంగతి కూడా చూడండి. మజ్జిగ ఇవ్వండి, వీలైతే ఆ పని ఉదయానికి మార్పించండి. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

ఫ్రిజ్ బాగైంది. ఇక మామిడిపళ్లు! బంగినపల్లి, చిన్న రసాలు అరల నిండా కుక్కుతాం. ఇన్సులిన్ పెట్టె వెనక్కి వెళ్లి ఐసు గోడకు ఆనుతుంది. పళ్లు చల్లబడడం లేదని ఎవరో బటన్ చివరిదాకా తిప్పుతారు. తెల్లవారేసరికి మందు గడ్డ. ఆ తరువాత "ఇంజెక్షన్ మానలేదండీ, అయినా షుగరు దిగడం లేదు" అంటూ ఆసుపత్రికి వస్తారు. ఇన్సులిన్‌ను మధ్య అరలో, ముందువైపు, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. పక్కన చిన్న థర్మామీటరు ఉంచితే ఇంకా మంచిది. మందులో పలుకులు కనిపించినా, తేటగా ఉండవలసినది మబ్బుగా మారినా, గడ్డకట్టిందని అనుమానం వచ్చినా వేయకండి. ఆ రోజు డోసు కూడా మానకండి. వెంటనే కొత్త సీసా తెచ్చుకోండి, పాతది పారవేయకుండా ఆసుపత్రికి తెచ్చి చూపించండి.